మార్చిన మోకాలి చుట్టూ ఎముక ఎలా ఉందో చూడాలంటే: ఎక్స్‌రేనా, సీటీనా, డెక్సానా?

మోకాలి మార్పిడి చేయించుకుని ఎనిమిదేళ్లు హాయిగా తిరిగిన అమ్మకు ఈమధ్య మెట్లెక్కుతుంటే నొప్పి మొదలైంది. ఇంట్లో అందరికీ టెన్షన్. "ఎక్స్‌రేలో ఏం తెలుస్తుందక్కా, నేరుగా సీటీ తీయిద్దాం" అని తమ్ముడు. ఎముక బలం చూసే డెక్సా చేయించమని పిన్ని. రోజూ ఎక్స్‌రేలు తీసే రేడియోగ్రాఫర్‌ని కాబట్టి తేల్చే బాధ్యత నామీద పడింది.

ముందు ఎక్స్‌రేనే అన్నాను. అయితే పాత ఫిల్ము పక్కన పెట్టి చూడాలి.

ఎక్స్‌రేకు లోపం లేదనను. ఎముకలో ఖనిజం సుమారు 30 శాతం, అంతకు పైన పోతే గానీ తేడా కంటికి ఆనదు. తొడ ఎముక చివర బిగించిన కోబాల్ట్-క్రోమ్ అనే లోహపు తొడుగు వెనకాల ఏముందో కనిపించదు. కానీ ఇంప్లాంటుకీ (అంటే బిగించిన కృత్రిమ కీలుకీ) ఎముకకీ మధ్య నల్ల గీత పడితే అది చూపిస్తుంది. ఆ గీత సన్నగా ఉండి ఏళ్ల తరబడి మారకపోతే సాధారణంగా భయం లేదు. రెండు మిల్లీమీటర్లు దాటినా, ఏటేటా వెడల్పవుతున్నా ఇంప్లాంటు వదులవుతోందేమోనని అనుమానించాలి.

ఇదంతా ఫిల్ము సరిగ్గా తీస్తేనే. కింది ఎముక మీద కూర్చోబెట్టిన లోహపు పళ్లెం ఒకే గీతలా కనబడాలి. కాలు కాస్త అటూ ఇటూ అయిందంటే పళ్లెం కోలగా విచ్చుకుని, మనం వెతికే నల్ల గీతనే మూసేస్తుంది. అలాంటి ఫిల్ము చూసి "అంతా బాగుంది" అంటే నాకు కోపం వస్తుంది. మళ్లీ తీయడానికి ఎంతసేపు?

తొడుగుకీ పళ్లేనికీ మధ్య ఉండే ప్లాస్టిక్ అరిగి, ఆ రేణువుల వల్ల ఎముకలో గుంతలు పడితే మాత్రం సీటీయే మేలు. గుంత ఎంతుందో ఎక్స్‌రే తక్కువగా చూపిస్తుంది. మళ్లీ ఆపరేషన్ చేసే సర్జన్‌కు ఆ కొలత కావాలి. ఇంప్లాంటు పక్కకు మెలితిరిగి కూర్చుందా అన్నదీ సీటీలోనే తేలుతుంది. లోహం వల్ల సీటీ బొమ్మలో చారలు పడతాయి, టైటానియం కంటే కోబాల్ట్-క్రోమ్‌తో ఎక్కువ. ఆ చారల్ని తగ్గించే సాఫ్ట్‌వేర్ ఉందా అని ముందే అడగండి.

డెక్సా సంగతి వేరు. బరువు ఇంప్లాంటు మీదికి మళ్లితే, పని తగ్గిన ఎముక పలచబడుతుంది. జర్మన్ సర్జన్ జూలియస్ వోల్ఫ్ 1892లో చెప్పిన సూత్రమే ఇది. తొడుగు ముందు రేకు వెనక ఈ నష్టం ఎక్కువ, అదీ మొదటి ఏడాదిలోనే. ఇంత చిన్న మార్పునూ డెక్సా అంకెల్లో పట్టుకుంటుంది. కానీ ఆపరేషన్ కాగానే తీసిన తొలి కొలత, దానికి తగిన సాఫ్ట్‌వేర్ ఉండాలి. పరిశోధనకు బాగుంటుంది గానీ అమ్మ నొప్పికి జవాబివ్వదు. అయినా ఆ వయసులో తుంటికీ వెన్నుకీ డెక్సా చేయించడం మంచిదే, పిన్ని మాట పూర్తిగా కొట్టేయలేదు.

రేడియోధార్మిక మందు ఎక్కించి తీసే బోన్ స్కాన్‌లో ఆపరేషన్ తర్వాత ఏడాది, ఒక్కోసారి రెండేళ్లదాకా ఏ సమస్యా లేని మోకాలు కూడా మెరుస్తుంది, తొందరపడకూడదు. ఇన్‌ఫెక్షన్ అనుమానముంటే స్కాన్‌ల కంటే ముందు రక్తపరీక్షలు, కీలు నీటి పరీక్ష.

అమ్మ బీరువాలో చీరల కింద ఆపరేషన్ నాటి ఫిల్ము దొరికింది. కొత్తదాని పక్కన పెట్టి లైట్‌బాక్సు మీద చూశాను. అప్పుడు లేని గీత ఇప్పుడు పళ్లెం లోపలి వైపు కింద ఉంది. డాక్టరుగారికి రెండూ చూపించాం. ఆయన సీటీ రాశారు.