పాత భూతానికి కొత్త వేషమా, సొంతంగా అల్లిన భూతమా: ఏది మేలు?

టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ ఆటలో ఆటగాళ్లు బల్ల చుట్టూ కూర్చుని, తలా ఒక పాత్రగా మాట్లాడుతూ, పాచికలు వేస్తూ కథ నడుపుతారు. ఆ కథ చెప్పి, భూతాలను ఆడించే గేమ్ మాస్టర్‌కు ఎప్పుడో ఒకప్పుడు ఈ సందేహం వస్తుంది. నియమాల పుస్తకంలోని భూతానికే రూపం మార్చి దింపాలా, మొదటి నుంచీ సొంతంగా అల్లుకోవాలా?

వేషం మార్చడం తేలిక. ప్రాణబలం, దాడి, కవచం అంకెలన్నీ సిద్ధంగా ఉంటాయి. పోరు ఏకపక్షమవుతుందన్న బెంగ తక్కువ. ఆట రేపే ఉందంటే నేనూ ఇదే చేస్తాను. చిక్కల్లా, తోలు మారినా నడత మారకపోవడమే. ఇలాంటి ఆటల్లో ఒకటైన డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో ట్రోల్ అనే భూతానికి తగిలిన గాయాలు వాటంతటవే పూడుకుంటాయి. నిప్పో ఆమ్లమో తగిలితేనే అది ఆగుతుంది. దానికి చెట్టు బెరడు తొడిగి, కళ్లు తీసేసి, వేరే పేరు పెట్టి చూడండి. రెండో వంతులో గాయం మానగానే అనుభవమున్న ఆటగాడు కాగడా అందుకుంటాడు. ఇక మిగిలేది పాచికల లెక్కే.

సొంతంగా అల్లేవాళ్లలో చాలామంది బొమ్మతో మొదలుపెడతారు: కొమ్ములు, కోరలు, ఎనిమిది చేతులు. అలా మొదలుపెట్టడం తప్పేమీ కాదు. డంజన్స్ అండ్ డ్రాగన్స్‌ను రూపొందించిన ఇద్దరిలో ఒకరైన గ్యారీ గైగాక్స్ 1970ల్లో చవక ప్లాస్టిక్ బొమ్మలను ఆటబల్ల మీదికి తెచ్చారు. రస్ట్ మాన్‌స్టర్ అనే భూతం అలా పుట్టిందే. అయితే అది ఇన్నేళ్లు నిలిచింది రూపం వల్ల కాదు, తిండి వల్ల అని నా నమ్మకం. లోహాన్ని తుప్పు పట్టించి తింటుంది. ఇనుప కవచం తొడిగిన వీరుడు వెనక్కి తగ్గుతాడు, కర్ర పట్టినవాడు ముందుకొస్తాడు. ఒక్క అలవాటుతో జట్టు బలాబలాలు తారుమారవుతాయి.

అందుకే నేను ముందు అలవాటు వెతుకుతాను. ముడులు తినే జీవి ఒకటి ఉందనుకోండి. పలుపు తెగకుండానే పశువులు కట్టుకొయ్యలు వదిలి తిరుగుతుంటాయి. బావిలో వేసిన తాడు చేద లేకుండా పైకి వస్తుంది. బస్తాల మూతులు తెరిచి ఉంటాయి, గింజ తగ్గదు. నిద్ర లేచిన పిల్ల జడ విడిపోయి ఉంటుంది. ఆటగాళ్లు దొంగ పనేమో అనుకుంటారు. ఆ రాత్రి గుడారం వాళ్ల మీదే కూలుతుంది; పరుగెత్తబోతే చెప్పుల తాళ్లు ఊడి ఉంటాయి. అప్పుడు ఎవరో ఒకరు, "తాళం వేసిన పెట్టె జోలికి పోలేదు, చూశారా?" అంటారు. నా శ్రమంతా ఆ మాట కోసమే. మర్నాడు తాళ్ల వంతెన దాటాల్సి ఉందని గుర్తు చేస్తే చాలు, ఒక్క దెబ్బ కొట్టకుండానే గుండెలు జారిపోతాయి.

భూతాన్ని అసలు చూపించకపోవడం ఇంకో పద్ధతి. 1981 నాటి కాల్ ఆఫ్ క్తుల్హు అనే భయానక ఆటలో భూతాన్ని చూసినంత మాత్రానే పాత్ర మతిస్థిమితం అంకె తగ్గవచ్చు కనుక అక్కడ దాచడం బాగా నప్పుతుంది. మిగతా ఆటల్లో ఒక సాయంత్రానికి మించి సాగదీస్తే విసుగొస్తుంది.

కాబట్టి మర్మం కావాలంటే సొంత భూతమే మేలు. అంకెలు మాత్రం పుస్తకంలో అదే పరిమాణమున్న ప్రాణి నుంచి మొహమాటం లేకుండా తెచ్చుకోండి. ఆనవాళ్లు మూడుకు తగ్గకుండా వదలండి, అన్నీ ఒకే నియమానికి కట్టుబడి ఉండాలి. ఆటగాళ్లు మొదటి రాత్రే గుట్టు పట్టేసినా నియమం మార్చకండి. నూరు ముడులు వేసిన తాడును ఎరగా పెట్టి వాళ్లు చీకట్లో కాచుకు కూర్చుంటే, ఆ జీవి వచ్చి తీరాలి.