దేవదాసు: పాత కాలంలోనే ఉంచాలా, మన కాలానికి తేవాలా?

బెంగాలీ రచయిత శరత్‌చంద్ర నవల ‘దేవదాసు’ 1917లో అచ్చయింది, 1928లో మూకీగా వచ్చింది. అప్పటి నుంచి ప్రతి తరమూ దాన్ని మళ్ళీ తీస్తూనే ఉంది. తీసేవాళ్ళు కథను దాని కాలంలోనే ఉంచడం మేలా, మన రోజుల్లోకి తేవడం మేలా? 1953లో వేదాంతం రాఘవయ్య తెలుగులో తీసినది, 2002లో సంజయ్ లీలా భన్సాలీ హిందీలో తీసినది, 2009లో అనురాగ్ కశ్యప్ తీసిన ‘దేవ్ డి’ పక్కపక్కన పెట్టి చూద్దాం.

ముందు నవలలో ముడి ఎక్కడుందో తెలియాలి. దేవదాసు చిన్ననాటి నేస్తం పార్వతిది ఆడపిల్లకు డబ్బు పుచ్చుకుని పెళ్ళి చేసే ఇల్లు, పైగా పక్కిల్లు. అందుకే దేవదాసు ఇంటివాళ్ళు, జమీందారు ముఖర్జీలు, ఆ సంబంధం వద్దంటారు. కన్యాశుల్కం చదువుకున్న మనకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. ఆ పిల్ల అర్ధరాత్రి ఒంటరిగా దేవదాసు గదికి వెళ్తుంది. ఆమె తెగించే వచ్చింది, బెదిరిపోయినవాడు అతనే. తర్వాత కలకత్తా పోయి, నీమీద నాకు అలాంటి ప్రేమ లేదని ఉత్తరం రాసేస్తాడు. పోస్టులో పడ్డాక ఎంత కుమిలినా అది వెనక్కి రాదు. నా దృష్టిలో నవలంతా ఆ ఉత్తరం మీదే నిలబడింది.

1953 సినిమాకు మన గుండెల్లో ఉన్న చోటు ఇంకెవరికీ రాదు. అక్కినేని కళ్ళు, సావిత్రి మొహం, సుబ్బరామన్ బాణీలు, ఘంటసాల గొంతు! ఇప్పటికీ గడ్డం పెంచినవాణ్ణి ‘ఏరా దేవదాసూ’ అనే పిలుస్తాం. ఒక్కటే నా బాధ: ఏడుపంతా దేవదాసు కోసమే అయిపోయి, పార్వతి తెగువ మనకు గుర్తుండదు.

2002 సినిమా కంటికి పండగే. నవలలో ఎదురుపడని పార్వతి, దేవదాసును ప్రేమించే వేశ్య చంద్రముఖి ఇందులో కలిసి నాట్యమాడతారు. దానికి నాకు అభ్యంతరం లేదు. కానీ పార్వతి ఇల్లు కూడా రంగుటద్దాల మేడే అయితే, జమీందారుకూ పక్కింటికీ తేడా ఎక్కడ కనిపిస్తుంది?

‘దేవ్ డి’ పంజాబ్‌లో, ఢిల్లీలో జరుగుతుంది. ఫోన్లు వచ్చాక ఉత్తరం పనిచేయదని కశ్యప్‌కు తెలుసు. దాని బదులు పారో, అంటే ఇందులోని పార్వతి, గురించి ఎవడో అన్న చెడ్డ మాట పెట్టాడు. దేవ్ అది నమ్మేస్తాడు. పారో పరుపు చుట్టి సైకిల్‌కు కట్టుకుని పొలానికి వెళ్తుంది, అతను ఛీ పొమ్మంటాడు. అదే పరుపుతో ఒంటరిగా తిరిగొచ్చే ఆమెను చూసినప్పుడు, నాకు శరత్ రాసిన ఆ అర్ధరాత్రి గది గుర్తొచ్చింది. తొంభై ఏళ్ళ తర్వాతా ఆడపిల్లదే ధైర్యం, మగవాడిదే పిరికితనం. ఈ కథ మళ్ళీ మళ్ళీ తీయాలనిపించేది అందుకే. ఇందులో దేవ్ చచ్చిపోడు. నవలలో దేవదాసు పార్వతి అత్తవారి గుమ్మం ముందు చనిపోతాడు; ఆ చావు ఇందులో లేకపోవడం లోటే, ఒప్పుకుంటాను.

కథ తెలియనివాళ్ళు ముందు 1953ది చూడాలి. నవల గుండె మాత్రం కాలం మార్చిన సినిమాలోనే నాకు గట్టిగా వినపడింది. రేపు తెలుగులో ఎవరైనా మళ్ళీ తీస్తే, ఉత్తరం స్థానంలో ఏం పెట్టారన్నదే ముందు చూస్తాను.