మట్టాంచేరి పరదేశి సినగాగు: మందిరం భద్రమే, పెద్దరికం ఎవరిది?

కొచ్చిలో మట్టాంచేరి రాజప్రాసాదం పక్కన, యూదుల వీధి చివర, విదేశాల నుంచి వచ్చి స్థిరపడిన 'పరదేశి' యూదుల ప్రార్థనా మందిరమైన పరదేశి సినగాగుకు వెళ్ళదలచినవారు ముందుగా వారం చూసుకోవాలి. శుక్రవారం మధ్యాహ్నం నుంచి శనివారమంతా, యూదుల పండుగ రోజుల్లోనూ సందర్శకులను లోనికి రానివ్వరు. దూరం నుంచి వెళ్ళి మూసిన తలుపు చూసినవారికి ఉసూరుమనిపిస్తుందేమో గాని, ఈ మందిరానికి నేనిచ్చే మొదటి మార్కు ఈ నియమానికే. ప్రార్థించే స్థానికులు దాదాపు కరువైనా, టిక్కెట్టు రాబడి కోసం శనివారపు విశ్రాంతి దినాన్ని (సబ్బాతును) వదులుకోలేదు.

లోపలికి గుడిలోకి వెళ్ళినట్టే చెప్పులు విడిచి వెళ్ళాలి. 1568లో కొచ్చిన్ రాజు ఇచ్చిన స్థలంలో వెలసిన ఈ మందిరంలో పాదాలకు చల్లగా తగిలేవి 18వ శతాబ్దంలో చైనా నుంచి తెప్పించిన నీలి, తెలుపు పింగాణీ పలకలు. చేత్తో చిత్రించినవి కావడం వల్ల ఏ రెండూ అచ్చు ఒకేలా ఉండవని అంటారు. ఒక మూల పది పలకలను వంగి పోల్చి చూశాను, ఒకదానిలో సన్నగా సాగిన కొమ్మ గీత పక్కదానిలో కాస్త లావెక్కింది. నడుమ గ్రంథ పఠనానికి ఇత్తడి కమ్మీల వేదిక, పైన గాజు దీపాల గుత్తులు, మేడ మీద స్త్రీలు కూర్చునే చోటికి ముందు మరో వేదిక ఉన్నాయి. ఈ రెండో వేదిక కేరళ సినగాగుల ప్రత్యేకత.

మా బృందానికి కుదిరిన గైడు పలకల గురించి ఎంత చెప్పాడో, మనుషుల గురించి అంత దాటవేశాడు. కొచ్చిన్ యూదులకు రబ్బీలు, అంటే మతగురువులు, లేరు. హీబ్రూ చదవగల పెద్దలే ప్రార్థన నడిపించేవారు, కొన్ని కుటుంబాల పెద్దలు మందిరం వ్యవహారాలు చూసేవారు. అలాంటి పెద్దల్లో ఒకరైన ఎస్.ఎస్. కోడర్ తరువాత ఆయన అల్లుడు శామ్యూల్ హల్లెగువా ఆ బాధ్యత మోశారు. ఈ పెద్దరికానికి చీకటి వైపూ ఉంది. బానిసల సంతతి అన్న ముద్రతో కొందరిని తరతరాలుగా బల్లల మీద కూర్చోనివ్వలేదు, సమాన హక్కులివ్వలేదు. ఆ వర్గంలో పుట్టిన న్యాయవాది ఎ.బి. సాలెం (1882-1967) గాంధీ పద్ధతిలో ఈ మందిరంలోనే సత్యాగ్రహం చేశారు. అసలే చిన్న సమాజం, అందులో ఇన్ని గిరులు గీసుకుంటే పెళ్ళి సంబంధాలకే కటకట కాక తప్పదు. ఆపైన 1950ల నుంచి ఇజ్రాయెల్ వలసలు తోడయ్యాయి.

సామూహిక ప్రార్థనకు పదిమంది వయోజన పురుషులు కావాలి. స్థానికులతో ఆ సంఖ్య కుదరక ఎన్నో ఏళ్లుగా విదేశీ యాత్రికులే లెక్క నింపుతున్నారు. 2024 ఆగస్టులో శామ్యూల్ భార్య క్వీనీ హల్లెగువా కన్నుమూయడంతో పరదేశి యూదు స్త్రీలలో చివరివారూ వెళ్ళిపోయారు. ఇక ముందు ఏమిటన్న ప్రశ్నకు కేరళలోనే భిన్నమైన జవాబులు కనిపిస్తాయి. పరవూర్, చేందమంగళం సినగాగులు మ్యూజియంలయ్యాయి. మట్టాంచేరిలోని కడవుంభాగం సినగాగు లోపలి చెక్కపనిని ఏకంగా జెరూసలేం తరలించి అక్కడి మ్యూజియంలో నిలిపారు. ఇక్కడ మిగిలిన కట్టడంలో కొంత భాగం 2019లో కూలింది.

పరదేశి మందిరం ఆ దారి పట్టకూడదు. కట్టడాన్ని కాపాడడానికి ప్రభుత్వం, ఉద్యోగులు చాలు. ఎప్పుడు తెరవాలో, యూదుల పవిత్ర గ్రంథమైన తోరా చుట్టలు ఎవరు విప్పాలో నిర్ణయించడానికి మాత్రం ఆ సంప్రదాయం తెలిసినవారే కావాలి. ఇజ్రాయెల్‌లో స్థిరపడిన కొచ్చిన్ సంతతికి, ఇక్కడి ఇతర యూదులకు నిర్వహణలో నిజమైన చోటు ఇవ్వడమే సబబని నా అభిప్రాయం. మన గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అనే తెలుగు యూదు సమాజం చిన్న సినగాగు కట్టుకుంది. అక్కడ ప్రార్థించే కుటుంబాలున్నాయి, యూదులుగా ఇజ్రాయెల్ గుర్తింపు లేదు. కొచ్చిలో గుర్తింపుకు కొదవ లేదు, మనుషులే లేరు.

తిరుగు దారిలో ఇక్కడి యూదు మహిళ సారా కోహెన్ కుట్టుపని దుకాణం తప్పక చూడండి. 2019లో 96 ఏళ్ల వయసులో ఆమె మరణించాక, ఆమెను చివరిదాకా చూసుకున్న ముస్లిం కుటుంబం దాన్ని సాగిస్తోంది. సబ్బాతు రొట్టె మీద కప్పే వస్త్రాన్నీ, ప్రార్థన టోపీలనూ ఆమె కుట్టిన తీరులోనే ఇప్పటికీ అక్కడ కుడుతున్నారు.