క్రీట్ రేవుల్లో ఎక్కడ మకాం వేయాలి?

గ్రీసు ద్వీపాల్లోకెల్లా పెద్దదైన క్రీట్‌కు వెళ్ళేవారిలో చాలామంది హెరాక్లియాన్‌లో దిగి, ప్రాచీన రాజభవనమైన క్నోసోస్ శిథిలాలు చూసి, హన్యా రేవులో ఫొటోలు తీసుకుని తిరిగివస్తారు. ఆ రెంటికీ నడుమనున్న రెథిమ్నోలో బస్సు ఆగినా దిగరు. తీరిక ఉన్నవారు మకాం వేయవలసింది అక్కడేనని నా అభిప్రాయం.

అందం మాటకొస్తే హన్యాదే పైచేయి. పూర్వం క్రీట్‌ను ఏలిన వెనిస్‌వారు కట్టిన రేవు, 19వ శతాబ్దంలో ఈజిప్టువారి ఏలుబడిలో పునర్నిర్మించిన దీపస్తంభం, నీటి అంచున గుమ్మటాల మసీదు, ఒకప్పుడు ఓడలను బాగుచేసిన కమాను కప్పుల శాలలు, అన్నీ ఒక్క నడకలో చూడవచ్చు. క్రీట్ గ్రీసులో కలిసినప్పుడు, 1913 డిసెంబరు 1న, జెండా ఎగిరింది ఇక్కడి ఫిర్కాస్ కోటపైనే. అయితే రేవుకు ఎదురుగా గది తీసుకున్నవారికి రాత్రి పొద్దుపోయేదాకా హోటళ్ళ సందడి తప్పదు. పాత ఇళ్ళనే బసలుగా మార్చినందున చాలాచోట్ల లిఫ్టు ఉండదు, ఇరుకు మెట్లపై పెట్టెలు మోయడం పెద్దవారికి కష్టం. భోజనానికి స్ప్లాంజియా వైపు లోపలి వీధులే నయం.

అక్కడినుంచి రెథిమ్నోకు బస్సులో గంట ప్రయాణం. రేవు ఎంత చిన్నదంటే, ఇసుక మేటలు వేయడం వల్ల వెనిస్ కాలంలోనే పెద్ద ఓడలకు అక్కరకు రాలేదు. ఆ లోపమే ఈనాడు మనకు కలిసివచ్చింది. 1571లో ఊరిని ఒట్టోమాన్ నౌకాదళం దోచుకున్నాక, 1573లో వెనిస్‌వారు గుట్టపై ఫోర్టెజా కోట మొదలుపెట్టారు. అంత శ్రమపడి కట్టిన కోట 1646లో ఆ ఒట్టోమాన్‌ల చేతికే చిక్కింది. సాయంత్రం ఆ గోడలపై తిరిగి, 1626 నాటి రిమోండి ఫౌంటెన్ మీదుగా సందుల్లోకి దిగితే, లోపలి పెరడున్న చిన్న బసలు కనిపిస్తాయి. నిశ్శబ్దానికీ శుభ్రతకూ వీటికే నా మార్కులు. ఇసుకతీరం కూడా పాత ఊరికి ఆనుకునే ఉంది. శాకాహారులకూ దిగులు లేదు: తడిపిన బార్లీ రొట్టెపై టమాటా తురుము, మిజిథ్రా జున్ను, ఆలివ్ నూనె వేసిన డాకోస్, ఉడికించిన ఆకుకూరలు దాదాపు అంతటా దొరుకుతాయి. భోజనం చివర అడగకుండానే పండ్లు, రాకీ అనే సారా తెచ్చిపెట్టడం ఇక్కడి మర్యాద. తాగనివారు నవ్వుతూ వద్దంటే ఎవరూ నొచ్చుకోరు.

హెరాక్లియాన్‌లో వాహనాల రద్దీ ఎక్కువ, బసకు ఒక రాత్రి చాలు. కానీ 1648 నుంచి 1669 దాకా ఒట్టోమాన్‌ల ముట్టడిని తట్టుకున్న ఊరి ప్రాకారాలనూ, క్రీట్ ప్రాచీన మినోవన్ నాగరికతకు నెలవైన మ్యూజియాన్నీ వదలకూడదు. రేవులోని కూలెస్ కోటకు వెళ్ళే కట్టపై నీడ ఉండదు కాబట్టి అక్కడికి ఉదయమే వెళ్ళి, మ్యూజియాన్ని మధ్యాహ్నానికి ఉంచుకోవడం మేలు.