డ్రాఫ్ట్ "లోపలి సమాచారం" అమ్మే చందాలతో జాగ్రత్త: కౌబాయ్స్ అభిమానులకు ఒక హెచ్చరిక

డాలస్ కౌబాయ్స్ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టును అభిమానించే తెలుగువారందరికీ, ముఖ్యంగా ఫ్రిస్కో, ప్లేనో, అర్వింగ్ ప్రాంతాల్లో ఉంటూ వాట్సాప్ బృందాల ద్వారా డ్రాఫ్ట్ ప్యాకేజీల ప్రకటనలు అందుకుంటున్నవారికి ఈ హెచ్చరిక రాస్తున్నాను. డ్రాఫ్ట్ అంటే ఈ ఆట లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌లోని జట్లు కళాశాల ఆటగాళ్లను రౌండ్ల వారీగా, వంతుకు (పిక్‌కు) ఒకరి చొప్పున ఎంచుకునే కార్యక్రమం. 2026 ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్ ఏప్రిల్ 23 నుంచి 25 వరకు పిట్స్‌బర్గ్‌లో జరగనుంది. 2025 ఆగస్టులో మైకా పార్సన్స్‌ను గ్రీన్ బే ప్యాకర్స్‌కు ఇచ్చిన ఒప్పందం వల్ల ఈసారి మన జట్టు చేతిలో మొదటి రౌండ్ పిక్‌లు రెండు ఉన్నాయి. పార్సన్స్ వంటి ఆటగాడిని వదులుకొని తెచ్చుకున్న పిక్‌తో ఎవరిని తీసుకుంటారోనన్న ఆత్రుత మనలో ప్రతి ఒక్కరికీ ఉంది, ఆ ఆత్రుతనే కొందరు సొమ్ము చేసుకుంటున్నారు. 2025లో నాకు "డ్రాఫ్ట్ సీజన్ ప్యాకేజీ" అమ్మిన సంస్థ అదే ప్రకటనను తేదీలు మాత్రం మార్చి మళ్లీ పంపిస్తోంది. దాని పేరు రాయడం లేదు. ఇటువంటివి ఒక పేరుతో మూతపడి మరో పేరుతో తెరుచుకుంటాయి కనుక, పేరుకంటే పద్ధతి తెలిస్తేనే మనకు ఉపయోగం.

ప్రకటనలో చెప్పిన మాటలు గట్టివే. కౌబాయ్స్ ఎంపికలు జరిగే గదిలో తమకు మనిషి ఉన్నాడని, మొదటి రౌండ్‌లో ఎవరిని తీసుకుంటారో రెండు రోజుల ముందే చందాదారులకు తెలియజేస్తామని, వందలాది ఆటగాళ్ల మీద స్వయంగా వీడియోలు చూసి రాసిన నివేదికలు ఇస్తామని, తృప్తి కలగకపోతే డబ్బు వాపసు ఇస్తామని రాశారు. వెల 59 డాలర్లు. "ఒక్కసారి చెల్లింపు" అన్న మాట పెద్ద అక్షరాల్లో ఉంది.

నాకు అందిన నివేదికల్లో ఎత్తు, బరువు, నలభై గజాల పరుగుకు పట్టిన సమయం వంటి కొలతలు సరిగానే ఉన్నాయి. అవన్నీ ఇండియానాపోలిస్‌లో డ్రాఫ్ట్‌కు ముందు ఏటా జరిగే కంబైన్ అనే శారీరక పరీక్షల ఫలితాలు, ఎవరైనా ఉచితంగా చూడగలిగేవి. ఆ కొలతల కింద ఉన్న విశ్లేషణలో మాత్రం మనిషి చూసి రాసిన జాడ కనిపించలేదు. ఇద్దరు వేర్వేరు డిఫెన్సివ్ టాకిళ్ల గురించి ఒకే పేరా అక్షరం పొల్లుపోకుండా ఉంది. ఒక గార్డ్ గురించి రాస్తూ అతని క్యాచ్‌లు పట్టే నైపుణ్యాన్ని మెచ్చుకున్నారు. వరుసలో నిలబడి ఎదుటివారిని అడ్డుకోవడం గార్డ్ పని అని ఈ ఆట ఒక్క సీజన్ చూసినవారికైనా తెలుస్తుంది. నివేదికల కింద రచయిత పేరు ఎక్కడా లేదు.

2025 డ్రాఫ్ట్‌కు రెండు రోజుల ముందు "అత్యంత రహస్యం" అనే శీర్షికతో ఈమెయిల్ వచ్చింది. పన్నెండో పిక్‌తో కౌబాయ్స్ వైడ్ రిసీవర్‌ను (విసిరిన బంతిని పట్టే ఆటగాడిని) తీసుకోవడం ఖాయమని, గదిలో ఉన్న తమ మనిషి నిర్ధారించాడని అందులో రాశారు. అప్పట్లో సీడీ ల్యాంబ్‌కు తోడుగా మరో రిసీవర్ కావాలని అభిమానుల్లో చాలామంది కోరుకుంటున్నారు, పత్రికలూ అదే ఊహించాయి. అంటే అందరూ అనుకుంటున్న మాటనే రహస్యమని పేరు పెట్టి మనకు అమ్మారన్నమాట. ఏప్రిల్ 24 రాత్రి కౌబాయ్స్ అలబామా విశ్వవిద్యాలయపు గార్డ్ టైలర్ బుకర్‌ను తీసుకున్నారు. ఏళ్ల తరబడి కుడి గార్డ్ స్థానాన్ని కాపాడిన జాక్ మార్టిన్ ఆ ఏడాదే ఆట నుంచి విరమించుకున్నాడు కనుక ఆ ఎంపికకు కారణం స్పష్టంగానే ఉంది. అభిమానులు కోరిన రిసీవర్ మే నెలలో వచ్చాడు. పిట్స్‌బర్గ్ స్టీలర్స్ నుంచి జార్జ్ పికెన్స్‌ను ట్రేడ్ (జట్ల మధ్య మార్పిడి) ద్వారా తెచ్చుకున్నారు.

ఊహ తప్పినందుకు నేను ఈ హెచ్చరిక రాయడం లేదు. డ్రాఫ్ట్‌లో ఊహలు తప్పుతాయి, నిజాయితీగా ఊహించేవారిని ఎవరూ తప్పుపట్టరు. నా అభ్యంతరం ఆ తరువాత జరిగినదాని మీద. మర్నాడు ఉదయం వారి పేజీ తెరిచి చూస్తే "మా తుది మాక్ డ్రాఫ్ట్" (ఏ జట్టు ఎవరిని తీసుకుంటుందో ముందే ఊహించి రాసే జాబితా) అన్న చోట పన్నెండో స్థానంలో బుకర్ పేరు ఉంది. పేజీ పైన తేదీ మాత్రం డ్రాఫ్ట్‌కు ముందు రోజుదే. నాకు పంపిన ఈమెయిల్‌లో రిసీవర్ అని ఉండగా పేజీలో గార్డ్ ఎలా వచ్చాడని రాసి అడిగితే, ఆఖరి గంటలో అందిన సమాచారంతో సవరించామని జవాబిచ్చారు. ఆ ఆఖరి గంట సమాచారం చందాదారులకు ఎందుకు పంపలేదని మళ్లీ అడిగితే జవాబు లేదు. ఆ వారంలోనే "మొదటి రౌండ్ 32 పేర్లలో 27 సరిగ్గా చెప్పాం" అంటూ కొత్త ప్రకటన వెలువడింది.

ఈ లెక్క ఎలా తయారవుతుందో గమనించండి. మొదటి రౌండ్‌లో ఎవరెవరు ఎంపికవుతారన్నది ఏప్రిల్ నాటికి చాలావరకు అందరికీ తెలిసినదే, పత్రికల జాబితాలు నాలుగు పక్కపక్కన పెట్టుకుంటే ముప్పావు వంతు పేర్లు కలుస్తాయి. ఏ ఆటగాడు ఏ జట్టుకు వెళ్తాడన్నది చెప్పడమే కష్టం. ఆ లెక్క వారు చెప్పరు. పైగా మాక్ డ్రాఫ్ట్‌ను డ్రాఫ్ట్ మొదలయ్యే క్షణం వరకు మారుస్తూ పోయి, మారిన రూపాల్లో అనుకూలమైనదాన్నే చూపిస్తే ఎవరైనా గొప్ప జోస్యులుగా కనిపిస్తారు.

జట్టు రహస్యం ఇలా అమ్మకానికి దొరకడం ఎందుకు అసాధ్యమో తెలియడానికి ఇటీవలి డ్రాఫ్ట్‌లే చాలు. 2024లో అట్లాంటా ఫాల్కన్స్ జట్టు క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆటను నడిపించే ఆటగాడు) కర్క్ కజిన్స్‌తో నాలుగేళ్లకు 180 మిలియన్ డాలర్ల వరకు విలువైన ఒప్పందం చేసుకొని, నెలన్నర తిరగకుండానే ఎనిమిదో పిక్‌తో మరో క్వార్టర్‌బ్యాక్ మైకేల్ పెనిక్స్‌ను తీసుకుంది. ఆ సంగతి ఫాల్కన్స్ వంతు వచ్చి గడియారం మొదలయ్యాకే కజిన్స్‌కు తెలిపారని ఆయన ఏజెంట్ పత్రికలకు చెప్పారు. అంత పెద్ద మొత్తం ఇచ్చి తెచ్చుకున్న ఆటగాడికే ముందుగా చెప్పని మాట 59 డాలర్లు కట్టిన మనకు ఎవరు చెబుతారు? 2025లో జాక్సన్‌విల్ జాగ్వార్స్ తరువాతి ఏడాది మొదటి రౌండ్ పిక్‌ను కూడా వదులుకొని అయిదో స్థానం నుంచి రెండో స్థానానికి ఎగబాకి ట్రావిస్ హంటర్‌ను తీసుకున్నప్పుడు ఆ ఒక్క ట్రేడ్‌తో మాక్ డ్రాఫ్ట్‌లన్నీ తారుమారయ్యాయి. అదే ఏడాది మొదటి రౌండ్‌లో ఎంపికవుతాడని ఎంతోమంది రాసిన షెడూర్ శాండర్స్ అయిదో రౌండ్‌లో 144వ పిక్ దాకా ఎదురుచూడవలసి వచ్చింది. మన జట్టు సంగతికే వస్తే, 2022లో టైలర్ స్మిత్‌ను 24వ పిక్‌తో తీసుకున్నందుకు విమర్శలు వచ్చినప్పుడు యజమాని జెర్రీ జోన్స్ విలేకరుల సమావేశంలో జట్టు సొంత జాబితా కాగితాన్ని ఎత్తి చూపారు. తమ లెక్కలో స్మిత్ పదహారో స్థానంలో ఉన్నాడని ఆ కాగితం చెప్పింది. కౌబాయ్స్ గది నుంచి నిజమైన జాబితా బయటి కళ్లకు కనిపించిన ఆ సందర్భం కూడా ఎంపిక పూర్తయ్యాకే వచ్చింది, అదీ యజమాని చేతి నుంచే. ఆ స్మిత్ తరువాత, లీగ్‌లోని మేటి ఆటగాళ్లకు దక్కే ప్రో బౌల్ ఎంపిక పొందాడు.

ఐపీఎల్ వేలం చూసే అలవాటుతో ఈ ఆటకు కొత్తగా వచ్చిన మనవాళ్లకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. వేలంలో ఏ జట్టు దగ్గర ఎంత డబ్బు మిగిలిందో అందరికీ తెలుసు, కావలసిన ఆటగాడి కోసం ఏ జట్టైనా చెయ్యెత్తవచ్చు. డ్రాఫ్ట్‌లో 32 జట్లు వరుసగా తమ వంతు కోసం ఎదురుచూడాలి, ముందున్న జట్టు ఏమి చేస్తుందో చూశాకే వెనకున్న జట్టు నిర్ణయం తీసుకుంటుంది. పదకొండు జట్ల నిర్ణయాలు పూర్తికాకుండా పన్నెండో పిక్ గురించి కౌబాయ్స్‌కే ఖాయంగా తెలియదు. "ఖాయం" అన్న పదం వాడినవారి దగ్గర ఏదీ కొనకండి.

ఈ ప్యాకేజీలో నన్ను ఎక్కువగా కలవరపెట్టిన భాగం డ్రాఫ్ట్ రాత్రి చాట్. ఆటగాళ్ల గురించి చర్చ ఉంటుందని చేరితే, మొదటి గంట గడవకుండానే ఫలానా జట్టు తరువాతి పిక్ మీద పందెం కాయండి అంటూ విదేశీ బెట్టింగ్ సైట్ల లింకులు రావడం మొదలైంది. టెక్సాస్‌లో క్రీడా పందేలకు చట్టబద్ధమైన అనుమతి లేదు. అటువంటి సైట్లలో డబ్బు పోతే ఇక్కడ ఎవరికీ మొర పెట్టుకోలేం. కళాశాలలో చదువుకుంటున్న మన పిల్లలు కూడా ఆ చాట్‌లో ఉన్నారని సందేశాలను బట్టి అర్థమైంది. మీ ఇంట్లో ఈ ఆటను ఇష్టపడే పిల్లలుంటే ఈ సంగతి వారితో తప్పక మాట్లాడండి.

డ్రాఫ్ట్ మర్నాడు జట్ల ఎంపికలకు ఇచ్చే "గ్రేడ్"ల (మార్కుల) కోసం అదనంగా డబ్బు అడుగుతారు, దాని మీద ఎక్కువ రాయనవసరం లేదు. 2012లో సియాటిల్ సీహాక్స్ ఎంపికలకు పలువురు విశ్లేషకులు తక్కువ మార్కులు వేశారు. ఆ ఎంపికల్లోనే బాబీ వాగ్నర్, రస్సెల్ విల్సన్ ఉన్నారు, రెండో సీజన్‌కే ఆ జట్టు సూపర్ బౌల్ (లీగ్ ఫైనల్) గెలిచింది. మన క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్ 2016లో నాలుగో రౌండ్‌లో 135వ పిక్‌గా వచ్చినవాడే. వారు అమ్మజూపే కొత్త ఆటగాళ్ల జెర్సీల విషయంలోనూ తొందరపడకండి. డ్రాఫ్ట్ వేదిక మీద ఆటగాడి చేతిలో కనిపించే ఒకటో అంకె అతని అసలు అంకె కాదు, జట్టు దాన్ని తరువాత ప్రకటిస్తుంది. పేరు, అంకె అచ్చువేయించిన జెర్సీని చాలా దుకాణాలు వెనక్కి తీసుకోవు.

ఇక డబ్బు సంగతి. "ఒక్కసారి చెల్లింపు" అని అమ్మిన ప్యాకేజీకి వేసవిలో నా కార్డు మీద మరోసారి 59 డాలర్లు పడ్డాయి. అడిగితే షరతుల్లో తరువాతి సీజన్‌కు తనంతట తానే కొనసాగుతుందని రాసి ఉందన్నారు. రద్దు చేసే మీట ఖాతా పేజీలో ఎక్కడా లేదు, ఈమెయిల్ పంపమంటారు, పంపితే స్పందించరు. వాపసు అడిగితే డిజిటల్ వస్తువులకు వాపసు లేదన్నారు. వారి ప్రకటనలోని వాపసు హామీని చిత్రంతో సహా చూపించినా అదే మాట.

ఇక్కడ మనకు చట్టం అండ ఉంది. ఆన్‌లైన్‌లో తనంతట తానే కొనసాగే చందా అమ్మేవారు ఆ షరతును కార్డు వివరాలు తీసుకునే ముందే స్పష్టంగా తెలపాలని, కొనేవారి అంగీకారం పొందాలని, ఆపుకోవడానికి సులభమైన మార్గం ఇవ్వాలని 2010 నాటి సమాఖ్య చట్టం ఒకటి నిర్దేశిస్తోంది. క్రెడిట్ కార్డు మీద పడిన మొత్తం తప్పని మీరు భావిస్తే, అది కనిపించిన మొదటి స్టేట్‌మెంట్ పంపిన 60 రోజుల్లోగా కార్డు బ్యాంకుకు రాతపూర్వకంగా తెలపాలి. నేను ప్రకటన చిత్రం, రహస్యమని పంపిన ఈమెయిల్, మార్చిన పేజీ చిత్రం, రద్దు కోరుతూ రాసిన సందేశాలు అన్నీ జతచేసి బ్యాంకుకు పంపాను, రెండోసారి వసూలు చేసిన మొత్తం తిరిగి జమ అయింది. మొదటి 59 డాలర్లు రాలేదు. జెల్ (బ్యాంకు ఖాతా నుంచి నేరుగా డబ్బు పంపే సేవ) ద్వారా చెల్లించిన మిత్రులకు ఒక్క డాలరూ తిరిగి రాలేదు. అందువల్ల ఇటువంటి సంస్థలకు జెల్ ద్వారా గాని డెబిట్ కార్డుతో గాని ఎప్పుడూ చెల్లించకండి.

డ్రాఫ్ట్ మీద నిజంగా ఆసక్తి ఉన్నవారికి ఉచితంగానే ఎంతో దొరుకుతుంది. ప్రసారం ఏబీసీ టీవీ చానెల్‌లో వస్తుంది, ఇంటి మీద యాంటెనా ఉంటే చందా లేకుండానే చూడవచ్చు. ప్రతి జట్టు డ్రాఫ్ట్‌కు ముందు తన కేంద్రానికి 30 మంది ఆటగాళ్లను పిలిపించుకోవచ్చు. కౌబాయ్స్ ఎవరెవరిని ఫ్రిస్కోకు పిలిపించారో స్థానిక విలేకరులు ఒక్కొక్క పేరే రాస్తూ ఉంటారు. మన జట్టు ఆ జాబితాలోని వారిని తరచుగా తీసుకుంటుందని పాత అభిమానులకు తెలుసు, అమ్మజూపే ఏ రహస్యం కంటే ఆ జాబితా మీద నాకు నమ్మకం ఎక్కువ. డబ్బు పెట్టి చదవాలనిపిస్తే సొంత పేరుతో రాసే రచయితలను ఎంచుకోండి. వారి గత సంవత్సరాల మాక్ డ్రాఫ్ట్‌లు తేదీలతో, తప్పులతో సహా ఇప్పటికీ కనిపిస్తున్నాయో లేదో చూడండి.

ఈ ఏడాది ప్రకటనకు స్పందించి ఇప్పటికే చెల్లించినవారు ఈ రోజే ఆ ప్రకటనను, షరతుల పేజీని చిత్రాలుగా దాచుకోండి, ఎందుకంటే అవి మారిపోతాయి. రద్దు కోరుతూ ఈమెయిల్ పంపి దాని ప్రతిని ఉంచుకోండి. సమాఖ్య వాణిజ్య కమిషన్ (ఎఫ్‌టీసీ) సైటు రిపోర్ట్‌ఫ్రాడ్ డాట్ ఎఫ్‌టీసీ డాట్ గవ్‌లోనూ, టెక్సాస్ అటార్నీ జనరల్ వినియోగదారుల విభాగంలోనూ ఫిర్యాదు నమోదు చేయండి. నేను రెండు చోట్లా చేశాను. ఇదే అనుభవం ఎదురైన మరికొందరు కూడా చేస్తే, వేర్వేరు పేర్లతో నడుస్తున్నది ఒకే సంస్థ అని అధికారులు గుర్తించే అవకాశం ఉంటుంది.