డెల్టాలో స్పోర్ట్స్ కారు: ఏడాదిలో సగం షెడ్డులో ఉండే బండి

చలి దేశాల్లో ఇలాంటి కార్లను శీతాకాలమంతా మూసి ఉంచుతారు. మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు అడుగుభాగాన్ని తినేస్తుందని వారి భయం. మా కోనసీమలో ఆ బెడద లేదు గాని, తొలకరి మొదలు సార్వా (ఖరీఫ్) ధాన్యం రోడ్ల మీది నుంచి లేచేవరకు, అంటే ఇంచుమించు జూన్ నుంచి డిసెంబరు నడిమి దాకా, నా కారు షెడ్డు దాటదు. రెండు సీట్లు, మడతపడే గుడ్డ పైకప్పు, టర్బో (గాలిని ఒత్తి లోపలికి పంపి బలం పెంచే పరికరం) ఉన్న పెట్రోలు ఇంజను, వెనుక చక్రాలకు శక్తి అందే ఏర్పాటు గల సెకండ్ హ్యాండ్ బండి ఇది. అమలాపురం పరిసరాల్లో చాలా ఏళ్లుగా దీన్ని నడిపాక తేలిందేమిటంటే, రోజూ తిప్పినంతకాలం ఇది బుద్ధిగానే ఉంటుంది. మొరాయించేదంతా నిలిపి ఉంచిన తరువాతే.

వానాకాలంలో తీయకపోవడానికి కారణం వాన ఒక్కటే కాదు. దమ్ము చక్రాల ట్రాక్టర్లు చేలలోంచి మోసుకొచ్చే ఒండ్రుమట్టి తడిసిందంటే, వెడల్పాటి టైర్లున్న తేలికపాటి కారుకు పట్టు దొరకదు. కోతలయ్యాక సగం రోడ్డు ధాన్యం రాశులకే పోతుంది. అది రైతు అవసరం, కాదనడానికి లేదు.

అసలు శత్రువు తేమ. సముద్రం దగ్గర కావడంతో గాలిలో ఉప్పు కూడా ఉంటుంది. ఇథనాల్ కలిసిన పెట్రోలు నీటిని పీల్చుకుంటుంది కనుక, ట్యాంకులో ఖాళీ లేకుండా నింపి ఉంచడం మంచిది. బ్రేక్ ఆయిల్‌దీ అదే గుణం, రెండేళ్లకొకసారి మార్పించవలసిందే. హ్యాండ్ బ్రేక్ వేసి నెలల తరబడి వదిలితే ప్యాడ్లు డిస్కులకు అతుక్కుపోతాయి. అందువల్ల గేరులో ఉంచి, చక్రాలకు చెక్క దిమ్మలు అడ్డం పెడతాను. అలారం, కంప్యూటరు కలిసి బ్యాటరీని నెమ్మదిగా తాగేస్తాయి గనుక, నిండగానే తనంతట తాను ఆగే చిన్న చార్జరును తగిలించి ఉంచుతాను. వారానికోసారి అయిదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేయమని చాలామంది సలహా ఇస్తారు. నా దృష్టిలో అది మేలు కంటే కీడే చేస్తుంది. ఇంజను పూర్తిగా వేడెక్కకపోవడంతో, పెట్రోలు మండి పుట్టిన నీరు సైలెన్సరులోనూ ఆయిల్‌లోనూ నిలిచిపోతుంది.

ఎలుకల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. పంటచేలు మునిగినప్పుడు అవి మెరక వెతుక్కుంటూ వస్తాయి, బానెట్ కింద పొడిగా ఉండే చోటు వాటికి ఇట్టే నచ్చుతుంది. ఒక ముసురులో ఇంధనం చిమ్మే ఇంజెక్టర్ల వైర్లు కొరికేశాయి. ఆ భాగం ఊళ్లో దొరకదు, హైదరాబాదు నుంచి రావడానికి వారాలు పట్టింది. అప్పటి నుంచి బానెట్ తెరిచే ఉంచుతున్నాను. వెలుతురు, గాలి తగిలే చోట అవి గూడు పెట్టవు.

డిసెంబరులో మొదటిసారి తీసేటప్పుడు తొందర పనికిరాదు. తాళం తిప్పి ఇంజను తిప్పకుండా ఆగితే వెనుక నుంచి పెట్రోలు పంపు సన్నగా గుంయిమంటుంది. ఆ చప్పుడు ఆగాకే స్టార్ట్ చేయాలి. సైలెన్సరులోంచి తెల్లటి ఆవిరి వస్తుంది, ఐడ్లింగ్ (బండి నిలిచి ఉన్నప్పటి ఇంజను వేగం) కాసేపు ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. తొలి బ్రేకులకు డిస్కుల మీది ఎర్రటి తుప్పు గరగరలాడుతూ రాలిపోతుంది. ఇవేవీ చెడు లక్షణాలు కావు. టైర్లు నేలకు ఆనినచోట చదునుపడి మొదట్లో స్టీరింగ్ వణుకుతుంది, అవి వేడెక్కాక సర్దుకుంటుంది.

ఆ తరువాత 216వ నంబరు జాతీయ రహదారి మీద, పొద్దున్నే పైకప్పు తీసి, రాజోలు దాటి చించినాడ వంతెన ఎక్కుతుంటే, ఈ శ్రమలో ఒక్కటీ బరువనిపించదు. రెండో గేరులో టర్బో అందుకున్న క్షణాన వీపు సీటుకు అతుక్కుపోతుంది; స్టీరింగ్ రోడ్డు మీది ప్రతి కంకరరాయినీ చేతికి చెబుతుంది. ఇంత నిజాయతీ నేటి పెద్ద కార్లలో నాకు కనబడలేదు.

కొనాలనుకునేవారికి మెరక మీద కట్టిన పొడి షెడ్డు, వైరింగ్ తెలిసిన మెకానిక్, రోజువారీకి ఇంకో బండి ఉండి తీరాలి. బీమాలో ఇంజను రక్షణకు అదనపు కవరు కూడా తీసుకోండి. ఇంజనులోకి నీరు చేరి పాడైతే మామూలు పాలసీ సాధారణంగా ఆ ఖర్చు భరించదు.