ముద్ర వేసే ముందు దేశం పేరు అడిగే నోటరీ

మా అమ్మాయి నెదర్లాండ్స్‌లో ఉద్యోగం చేస్తోంది. అక్కడే పెళ్లి రిజిస్టర్ చేయించుకోవాలంటే బర్త్ సర్టిఫికెట్ మీద అపోస్టిల్, అంటే ఈ పత్రం అసలైనదేనని వేరే దేశం నమ్మేలా మన విదేశాంగ శాఖ ఇచ్చే ధ్రువీకరణ, ఉండాలన్నారు. దానికి తోడు ఇంకో చిక్కు. అనంతపురంలో ఇచ్చిన సర్టిఫికెట్‌లో వాళ్ల నాన్న ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంది. మన తెలుగువాళ్లలో చాలామందికి ఉండే తిప్పలే ఇవి. రెండు పేర్లూ ఒకరివేనని మేం అఫిడవిట్ ఇవ్వాల్సి వచ్చింది.

బెంగళూరు మారతహళ్లిలో మా ఇంటికి దగ్గరున్న ఒక జిరాక్స్ షాపులో, "కాగితాలు ఇచ్చి వెళ్లండమ్మా, సాయంత్రానికి ముద్ర పడి ఉంటుంది, మీరు రానక్కర్లేదు" అన్నారు. సంతకం పెట్టే మనిషిని చూడకుండా నోటరీ ఏమని సాక్ష్యం చెబుతాడు? నాకు భయం వేసి కాగితాలు వెనక్కి తీసుకున్నాను. తెలిసినవాళ్లు చెబితే మేయో హాల్ కోర్టుల దగ్గర కూర్చునే ఒక నోటరీ లాయరుగారి దగ్గరికి వెళ్లాం. ఈ రివ్యూ ఆయన గురించి.

ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "ఏ దేశానికమ్మా?" కోలారు వైపు వారట, తెలుగు చక్కగా మాట్లాడతారు. నెదర్లాండ్స్ అనగానే బర్త్ సర్టిఫికెట్ పక్కన పెట్టేశారు. "ఇది ప్రభుత్వం ఇచ్చిన పత్రం, నా ముద్రతో పని లేదు. ఒరిజినల్‌నే ముందు ఆంధ్ర ప్రభుత్వంతో ధ్రువీకరించుకోండి, ఆ తర్వాత విదేశాంగ శాఖ అపోస్టిల్ ఇస్తుంది" అన్నారు. చేతికొచ్చిన ఫీజు వదులుకుని నిజం చెప్పారు. నాకు ఆయన మీద గురి కుదిరింది అప్పుడే.

అఫిడవిట్ దారి వేరట. అది బెంగళూరులో నోటరీ అవుతుంది కాబట్టి ధ్రువీకరించాల్సింది కర్ణాటక. అపోస్టిల్ కోసం విదేశాంగ శాఖ కాగితాలు నేరుగా తీసుకోదని, అది నియమించిన ఏజెన్సీలకే ఇవ్వాలని చెప్పారు. అపోస్టిల్‌కు ప్రభుత్వ ఫీజు పత్రానికి 50 రూపాయలు, ఏజెన్సీ చార్జీ వేరు. వేలల్లో అడిగే బ్రోకర్ల దగ్గరికి వెళ్లేవాళ్లకు ఈ ఒక్క అంకె తెలిస్తే చాలు.

మా వెనకే వచ్చిన కుర్రాడిది దుబాయ్ ఉద్యోగం. దుబాయ్ ఉన్న యూఏఈ, అపోస్టిల్‌ను ఒప్పుకునే దేశాల ఒప్పందంలో లేదు, అందుకని విదేశాంగ శాఖ తర్వాత ఆ దేశ ఎంబసీ ధ్రువీకరణ కూడా కావాలని అతనికీ ఓపిగ్గా చెప్పారు. కెనడా 2024 జనవరిలోనే ఒప్పందంలోకి వచ్చిందట. పాత సమాచారంతో కెనడా హైకమిషన్ దాకా వెళ్దామనుకునే వాళ్లు ఇంకా వస్తుంటారన్నారు.

ఇక అఫిడవిట్. పాస్‌పోర్టు పక్కన పెట్టుకుని పేర్లు అక్షరం అక్షరం సరిచూశారు. టైపిస్టు ఒక చోట ఇంటిపేరులో అక్షరం వదిలేస్తే ఆ పేజీ మళ్లీ కొట్టించారు. మా ఆధార్ కార్డులు చూశాకే సంతకాలు పెట్టమన్నారు. మా వారి చెయ్యి కాస్త వణుకుతుంది, ఆయనను తొందరపెట్టలేదు. తర్వాత రిజిస్టర్లో సంతకాలు, నోటరీ స్టాంపులు, ప్రతి పేజీ మీదా గుండ్రటి ముద్ర. ముద్రలో ఆయన పేరు, ఆయన పనిచేసే ప్రాంతం స్పష్టంగా చదవగలిగాం. మసకగా పడిన ముద్రను చూసి పై ఆఫీసు వాళ్లు కాగితం తిప్పి పంపిస్తే ఎంత టెన్షనో పిల్లలు దూరాన ఉన్న తల్లిదండ్రులకు తెలుసు.

లోటు లేదని అనను. గది చాలా ఇరుకు, కుర్చీలు రెండే, పెద్దవాళ్లు వరండాలో నిలబడాల్సిందే. ఫీజు బయటి షాపుల కంటే ఎక్కువే, కానీ ఎంతో ముందే చెప్పి రసీదు ఇచ్చారు. కోర్టులో కేసు ఉంటే మధ్యలో లేచి వెళ్లిపోతారు, అందుకని ఫోన్ చేసి పొద్దున్నే వెళ్లండి. సంతకం పెట్టాల్సిన వాళ్లందరూ ఒరిజినల్ గుర్తింపు కార్డులతో వెళ్లాలి. ఒక్కరు రాకపోయినా ఆయన ముద్ర వేయరు.